నూనెలో విటమిన్ ఏ చూసేటప్పుడు

అమ్మణ్ణీ,

రేణిగుంట ల్యాబ్‌లో నీకు నూనెల పని ఇచ్చారని, హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే మెషీన్) అంటేనే టెన్షన్‌గా ఉందని రాశావు. మెషీన్‌కి భయపడొద్దు, నాలుగు రోజులు కూర్చుంటే అదే వస్తుంది. శాంపిల్ అక్కడికి చేరేలోపే వెలుతురు, గాలి, వేడి కలిసి విటమిన్ ఏ ని తినేస్తాయి, పోయినదాన్ని ఏ మెషీనూ చూపించలేదు.

తిరుపతి ఎండ నీకు తెలిసిందే, కాబట్టి శాంపిల్‌ని కిటికీ పక్కన పెట్టనే వద్దు. ముదురు గోధుమరంగు గాజు సామాను లేకపోతే మామూలు ఫ్లాస్కులకే ఫాయిల్ చుట్టు. నీ బల్ల మీద పసుపు లైటు పెట్టించమని సారును అడుగు, మొహమాటపడకు.

సపోనిఫికేషన్‌కి, అంటే నూనెలోని కొవ్వును సబ్బుగా మార్చడానికి, ఆల్కహాల్‌లో కలిపిన పొటాషియం హైడ్రాక్సైడ్‌తో నూనెను కాచే ముందే గాలి వల్ల విటమిన్ పాడవకుండా పైరోగలాల్ గానీ ఆస్కార్బిక్ ఆమ్లం గానీ వెయ్యాలి, వేడెక్కాక వేస్తే జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. తర్వాత విటమిన్‌ని హెక్సేన్ అనే ద్రావకంలోకి తీసి నీళ్లతో కడుగుతావు కదా, చాలామంది తొందరపడేది అక్కడే. మొదటి కడుగులోనే గట్టిగా ఊపితే సబ్బు నురగ కట్టేసి పొరలు విడిపోవు, గంటసేపు అలా చూస్తూ కూర్చోవాలి. అందుకే పొరలు విడదీసే ఫన్నెల్‌ని మెల్లగా తిప్పు, చాలు. కడిగిన నీళ్లలో ఫినాల్ఫ్తలీన్ చుక్క వేసినా గులాబీ రంగు రాకుండా పోయేదాకా కడుగు. హెక్సేన్‌ని వేడి మీద పూర్తిగా ఎండబెట్టకు, కొంచెం ఉండగానే దించి మిగతాది నైట్రోజన్‌తో పోగొట్టు.

పోల్చి చూడటానికి వాడే స్టాండర్డ్ సీసా మీద రాసిన అంకెను నమ్మొద్దు. రెటినాల్‌ని (విటమిన్ ఏ నే) ఇథనాల్‌లో కరిగించి 325 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్, అంటే ఎంత వెలుతురు పీల్చుకుంటోందో, చూడు. ఒక శాతం ద్రావణానికి, సెంటీమీటరు సెల్‌లో లెక్క ప్రకారం 1835 రావాలి, దాన్నిబట్టి అసలు గాఢత లెక్కకట్టు.

ఫోర్టిఫై చేసిన, అంటే విటమిన్లు కలిపిన, నూనెలో గ్రాముకి ఏ 6 నుంచి 9.9 మైక్రోగ్రాములు ఉండాలి, డి అయితే 0.11 నుంచి 0.16 మాత్రమే. అంత తక్కువ కాబట్టి డి3 కొలవడానికి దాని జోడీ రూపమైన డి2 ని, దారిలో ఎంత పోయిందో తెలిసేలా, ఇంటర్నల్ స్టాండర్డ్‌గా మొదట్లోనే కలుపు. విటమిన్ ఈ అయితే సులువు, నూనెను హెక్సేన్‌లో పలచన చేసి ఫ్లోరోసెన్స్ డిటెక్టర్‌తో నేరుగా చూడొచ్చు.

మన శెనక్కాయల గానుగ నూనెలో విటమిన్ ఈ ఉంటుంది గానీ ఏ చెప్పుకోదగ్గంత ఉండదు, నీకు కావాల్సింది అదే. ఒక లీటరు తెచ్చుకుని, తెలిసినంత ఏ కలిపి, మొదటి నుంచి చివరిదాకా పద్ధతి నడిపి ఎంత తిరిగొచ్చిందో చూడు. తగ్గితే మెషీన్‌ని కెలక్కుండా కడుగు దగ్గర్నుంచి వెతుకు. ఆ అంకెలు వచ్చాకే కంపెనీల శాంపిళ్లు ముట్టుకో, రిపోర్టు మీద సంతకం నీది కదా.

మీ పెదనాన్న