కొత్తవాళ్ల తలకి హెడ్‌సెట్ పెట్టే ముందు

అమ్మాయీ,

మీరు చేస్తున్న వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే హెడ్‌సెట్ కళ్లకి తగిలించుకుని చూసే కృత్రిమ లోకం) యాప్ మామూలు జనానికి ఎలా దగ్గరవుతుందని అడిగావు. గేమర్ల గురించి బెంగపడకు. కళ్లు తిరిగినా వాళ్లు ఓర్చుకుంటారు, సెట్టింగులు వాళ్లే వెతుక్కుంటారు. ఎన్నడూ కంట్రోలర్ పట్టుకోనివాళ్లు మెచ్చాలి. వాళ్ల విషయంలో మొదటి ఐదు నిమిషాల్లోనే అంతా తేలిపోతుంది.

ముందు వికారం సంగతి చూడు. కదులుతున్నామని కళ్లు చెబుతాయి, కదలడం లేదని లోపలి చెవి చెబుతుంది. ఆ తగాదాకే కడుపులో తిప్పుతుంది. ఒక్కసారి అలా అయితే ఆ మనిషి మళ్లీ హెడ్‌సెట్ ముట్టుకోడు. అందుకని నిలబడ్డ చోటే చేసే పనితో మొదలుపెట్టు. దూరం వెళ్లాల్సి వస్తే చూపించిన చోటికి ఒక్క గెంతులో చేరే టెలిపోర్ట్ పెట్టు. వాళ్లు తల తిప్పకుండా కెమెరాని నువ్వు తిప్పొద్దు. తల కదిలాక దాదాపు 20 మిల్లీసెకన్లలోపు బొమ్మ మారాలి. వరసగా వచ్చే బొమ్మలు (ఫ్రేములు) తడబడుతుంటే నీడలూ మెరుపులూ తీసెయ్, వేగం మాత్రం తగ్గనివ్వకు.

2018లో వచ్చిన బీట్ సేబర్‌ని, పాటకి తగ్గట్టు వచ్చే పెట్టెల్ని కత్తితో నరికే ఆ వీఆర్ ఆటని, ఈ కంటితో మళ్లీ చూడు. ఆడేవాళ్లు ఎక్కడికీ నడవరు, పెట్టెలే ఎదురొస్తాయి. కత్తి ఊపడం ఎవరికీ నేర్పక్కర్లేదు. పక్కన నిలబడి చూసేవాళ్లకి కూడా వెంటనే అర్థమవుతుంది, మనకీ ఓసారి ఇవ్వమంటారు.

ఇక తగిలించే పద్ధతి. దీన్ని చాలామంది చిన్న విషయంగా తీసేస్తారు, నాకైతే సగం పని ఇక్కడే ఉంది. హెడ్‌సెట్ ముఖం మీద కాస్త పైకీ కిందికీ జరిపి, అక్షరాలు స్పష్టంగా కనిపించాకే పట్టీ బిగించాలి. కనుపాపల మధ్య దూరం అందరికీ ఒకేలా ఉండదు. క్వెస్ట్ 2 అనే హెడ్‌సెట్‌లో 58, 63, 68 మిల్లీమీటర్లని మూడు అమరికలు ఇచ్చింది అందుకే. కొత్తవాళ్లు మసకగా ఉన్నా మొహమాటపడి చెప్పరు, వీఆర్ అంటే ఇంతే కాబోలు అనుకుంటారు. కాబట్టి నీ యాప్ తెరవగానే చదవడానికి ఒక వాక్యం పెట్టు. కళ్లద్దాలు, జడ, మేకప్ అడ్డమొస్తాయేమో చూడు. చుట్టూ నలుగురున్నప్పుడు కళ్లు మూసుకుపోయినట్టుంటే బిడియంగా ఉంటుంది, పక్కవాళ్ల మాట వినపడనివ్వు.

మొదటిసారి కలిగే అబ్బురం ఎక్కువ రోజులు ఉండదు. రెండోసారి ఎందుకు పెట్టుకోవాలో నీ దగ్గర జవాబుండాలి. 2018లో వాల్‌మార్ట్ ఉద్యోగుల శిక్షణ కోసం 17,000 హెడ్‌సెట్లు తెస్తున్నట్టు ప్రకటించింది. అక్కడ పని ఉంది కాబట్టి పెట్టుకుంటారు. వ్యాయామమో, దూరంగా ఉన్న మనిషితో కబుర్లో, నీది ఏదో ఒక్కటి తేల్చుకో. అది పది పదిహేను నిమిషాల్లో ముగిసిపోవాలి. అరకిలో బరువు ముఖం మీద అంతకంటే ఎక్కువసేపు మోయమనకు. ప్రకటనలో మెటావర్స్ (అందరూ కలిసే కృత్రిమ లోకం) లాంటి పెద్ద మాటలొద్దు, పెట్టుకుంటే ఏం చేయొచ్చో చూపించు చాలు.

వచ్చే వారం వీఆర్ ఎరగని ఐదుగురిని పిలువు, స్నేహితులొద్దు. యాప్ గురించి ఏమీ చెప్పకుండా పక్కన కూర్చో, పడిపోకుండా మాత్రం చూసుకో. చెయ్యి ఎక్కడ తడబడిందో, హెడ్‌సెట్ ఎప్పుడు తీసేశారో రాసుకుని నాకు పంపు.