సమాధానం: చెనిక్కాయ చెక్కతో తల్లిచేపల్లో గుడ్లు సరిగ్గా కట్టకపోవడం

అన్నా, అనంతపురం చెరువులో చెనిక్కాయ (వేరుశనగ) చెక్క, తవుడు సగం సగం మేపుతున్నా రోహు ఆడచేపల పొట్ట మెత్తబడలేదని, అంటే గుడ్లు పక్వానికి రాలేదని రాశారు. మేత తక్కువై కాదు, అందులో లైసిన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ తయారయ్యే ముక్కలు) తక్కువై. గుడ్డు సొనకు కావాల్సిన ప్రొటీన్ కాలేయంలో తయారై గుడ్లలోకి చేరుతుంది. ఒక్క అమైనో ఆమ్లం చాలకపోయినా ఆ పని కుంటుపడుతుంది, మిగిలిన ప్రొటీన్ చాలావరకు వృథా. రోహు లాంటి కార్పు జాతి చేపలకు మేత ప్రొటీన్‌లో లైసిన్ 5.7 శాతం దాకా కావాలి. చెనిక్కాయ ప్రొటీన్‌లో దాదాపు 3.5 శాతమే ఉంటుంది.

100 కిలోల మేతకు చెనిక్కాయ చెక్క 25, సోయా చెక్క 25, ఎండుచేపల పొడి 10, నూనె తీసిన తవుడు 38, ఖనిజ మిశ్రమం 2 కిలోలు కలపండి. ప్రొటీన్ 30 శాతం పైనే వస్తుంది. చేపల బరువులో రోజుకు 2 శాతం చాలు. ఎక్కువైతే కడుపులో కొవ్వు పేరుకుంటుంది, ఉబ్బిన పొట్ట చూసి గుడ్లనుకుని మోసపోతాం. చేపల పొడి మానేసి లైసిన్ పొడి చల్లొద్దు, నీళ్లలో కరిగి వృథా అవుతుంది.

బూజు వాసనొచ్చే చెక్క ఎంత చవకైనా వద్దు. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం దెబ్బ తీసేది ఆ కాలేయాన్నే. ఈ మేత జూన్‌లో గుడ్లు పెట్టించడానికి వేసే హార్మోన్ సూదికి కనీసం మూడు నెలల ముందే మొదలుపెట్టాలి, చివరి పదిరోజుల్లో మార్చి లాభం లేదు.