థర్మల్ పనైపోయిందా? ఈఈఈ తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి ఎప్‌సెట్ ర్యాంకుతో ఈఈఈ సీటు వచ్చేలా ఉంది. పవర్ ప్లాంటులో చేయాలని వాడు చిన్నప్పటి నుంచీ అంటున్నాడు. పాల్వంచ కేటీపీఎస్‌లో (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్) పనిచేసే మా తమ్ముడు మాత్రం "బొగ్గు పనైపోయిందక్కా, మా కూలింగ్ టవర్లే కూల్చేశారు, వాణ్ని సీఎస్ఈలో వేయండి" అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, రామంతాపూర్, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ తమ్ముడు చెప్పింది నిజమే. 2024 ఆగస్టు 5న అక్కడ ఎనిమిది టవర్లు ఒకే రోజు నేలకూలాయి. ఏళ్ల తరబడి వాటి నీడన డ్యూటీ చేసిన వాళ్లకు మనసు కలుక్కుమనక మానదు. అయితే అవి 60, 120 మెగావాట్ల పాత యూనిట్ల టవర్లు. అదే పాల్వంచలో 2018 చివర్లో 800 మెగావాట్ల ఏడో దశ యూనిట్ మొదలైంది. దామరచర్ల దగ్గర యాదాద్రి ప్లాంటు ఐదు యూనిట్లతో 4,000 మెగావాట్లది.

బొగ్గు ఉంటుందా పోతుందా అన్నదానికంటే, ప్లాంటు చేసే పని ఎలా మారుతోందో మీ బాబు చూడాలి. ఒకప్పుడు యూనిట్‌ను ఫుల్ లోడ్‌లో పెట్టి వీలైనంతవరకు కదపకుండా నడిపేవారు. ఇప్పుడు మధ్యాహ్నం సోలార్ కరెంటు పొంగుకొస్తుంది. ఏ ప్లాంటు ఎంత కరెంటు ఇవ్వాలో చెప్పే లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి 'బ్యాక్‌డౌన్ చేయండి', అంటే ఉత్పత్తి తగ్గించండి అని కబురొస్తుంది. పొద్దుగూకేసరికి సోలార్ ఉండదు, ఇళ్లలో లైట్లు, ఏసీలు మొదలవుతాయి. మళ్లీ లోడ్ ఎక్కించాలి. బస్సును ఔటర్ మీద నడపడం వేరు, సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలో నడపడం వేరు.

2023లో కేంద్ర విద్యుత్ అథారిటీ తెచ్చిన నిబంధనల ప్రకారం బొగ్గు యూనిట్లు దశలవారీగా 40 శాతం లోడ్ వరకు దిగగలగాలి. అంటే 800 మెగావాట్ల యూనిట్ 320కి రావాలి. 70 శాతం పైన ఉన్నప్పుడు నిమిషానికి 3 శాతం, అంటే 24 మెగావాట్ల చొప్పున ఎక్కాలి, దిగాలి. కాగితం మీద రెండు అంకెలే. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాడికి టెన్షన్. లోడ్ బాగా తగ్గితే ఫర్నేస్‌లో మంట నిలకడ తప్పుతుంది, ఆయిల్ గన్స్ పెట్టి, అంటే నూనె చిమ్మి మండించి నిలబెట్టాలి. మందపాటి లోహం పదేపదే వేడెక్కి చల్లారుతుంటే బాయిలర్, టర్బైన్ భాగాలు త్వరగా అలసిపోతాయి. బాయిలర్‌లోని గొట్టాలు చిల్లుపడే ట్యూబ్ లీక్ గురించి మీ తమ్ముణ్ని కదిపి చూడండి, గంట తక్కువ కాకుండా చెబుతాడు! ఈ ఎక్కించడం, దించడం తెలిసిన ఇంజనీర్లే ఇకపై ప్లాంట్లకు కావాలి.

ఇక చేదు మాట కూడా చెప్పాలి. మీ బాబు 2030లో ఉద్యోగంలో చేరాడనుకుందాం. రిటైరయ్యేసరికి 2060ల చివరికొస్తుంది. దేశం నెట్ జీరోకు, అంటే కర్బన ఉద్గారాల నికర లెక్కను సున్నాకు తేవడానికి పెట్టుకున్న గడువు 2070. సర్వీసంతా బొగ్గు మీదే గడిచిపోతుందని నేనైతే భరోసా ఇవ్వను. పైగా 60 మెగావాట్ల పాత యూనిట్లతో పోలిస్తే 800 మెగావాట్ల యూనిట్‌లో ఒక్కో మెగావాటుకు కావలసిన మనుషులు చాలా తక్కువ. రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థ జెన్కోలో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) నోటిఫికేషన్ ఏటా పడదు. ఎన్టీపీసీ గేట్ స్కోరుతో తీసుకుంటుంది, అక్కడా పోటీ గట్టిదే.

అయినా ఈఈఈకే నా ఓటు. పవర్ సిస్టమ్స్, కంట్రోల్ సిస్టమ్స్, పవర్ ఎలక్ట్రానిక్స్ – ఈ మూడూ గట్టిగా చదవమనండి. బొగ్గు తగ్గినా ఈ చదువు పాడవదు. శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి తోడి, అవసరమైనప్పుడు మళ్లీ కరెంటు తీయగలవి. రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల బొగ్గు స్టేషన్, దాని రిజర్వాయర్ నీళ్ల మీదే 100 మెగావాట్ల సోలార్ ప్యానెళ్లు తేలుతున్నాయి. ఏ పక్కకు వెళ్లినా పనికొచ్చే చదువు ఇది. కోడింగంటారా, కావాలంటే అమీర్‌పేటలో ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. ఇష్టం లేని బ్రాంచిలో నాలుగేళ్లు కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

వెబ్ ఆప్షన్లకు ముందు ఓ పని చేయండి. రాత్రి మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వాణ్ని మామయ్య దగ్గరికి పంపండి. వీలైతే పర్మిషన్ తీసుకుని కంట్రోల్ రూమ్ చూపించమనండి. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే ఇంటికొచ్చిన మామయ్య ముఖం చూశాక కూడా వాడు ఈఈఈ అనే అంటే, మొదటి ఆప్షన్ అదే పెట్టించండి.