డ్రోన్ల కాలంలో విమాన విధ్వంసక గన్లకు చోటుందా?

క్షిపణులు, డ్రోన్లు వచ్చాక పాత విమాన విధ్వంసక గన్లను మ్యూజియాలకు పంపవలసిందేనా అని అడిగారు. సైన్యంలో ఎల్-70 అనే 40 మిల్లీమీటర్ల విమాన విధ్వంసక గన్ మీద ఏళ్ల తరబడి పనిచేసినవాడిగా చెబుతున్నాను, పంపకూడదు. రాబోయే ముప్పై ఏళ్లలో తక్కువ ఎత్తులో ఆకాశాన్ని కాపాడేది ప్రధానంగా గన్నే. గన్‌లో పాతబడేది బ్యారెల్ కాదు, దానికి గురి చూపే కన్ను, లెక్క కట్టే యంత్రం.

ఈ సంగతి నాకు ఒక కాల్పుల అభ్యాసంలో అర్థమైంది. సముద్రం మీదుగా ఒక విమానం పొడవాటి తాడుతో గుడ్డ లక్ష్యాన్ని లాక్కుపోతోంది. మొదట కంటిచూపుతో కాల్చాం. ట్రేసర్ల, అంటే దారి కనిపించేలా వెలుగుతూ పోయే గుండ్ల, ఎర్రటి గీతలు లక్ష్యాన్ని తాకబోతున్నట్టే కనిపించి, ప్రతిసారీ దాని వెనుకనుంచి జారిపోయాయి. మా గుండు సెకనుకు సుమారు 1,000 మీటర్ల వేగంతో బయలుదేరినా, రెండు కిలోమీటర్లు చేరడానికి రెండు సెకన్లకు పైగా పడుతుంది. ఆలోగా సెకనుకు 200 మీటర్లు ఎగిరే యుద్ధవిమానం 400 మీటర్లు దాటిపోతుంది. తరువాత గన్‌ను రాడార్‌కు అనుసంధానించారు. బ్యారెల్ తనంతట తానే కదిలి, లక్ష్యాన్ని వదిలేసి, దానికి ఎంతో ముందున్న ఖాళీ ఆకాశం వైపు నిలిచింది. లోడర్ నాలుగేసి గుండ్ల క్లిప్పులు అందిస్తూనే ఉన్నాడు. రెండో వరుస కాల్పులకే గుడ్డ చీలికలై గాలిలో వేలాడింది. గన్ అదే, మనుషులూ వాళ్లే; మారినది లెక్క ఒక్కటే.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చిన ప్రాక్సిమిటీ ఫ్యూజ్ గుండులోనే చిన్న రేడియోను అమర్చి, లక్ష్యానికి తాకకపోయినా దాని దగ్గరికి చేరగానే పేలేలా చేసింది. 1943 జనవరిలో అమెరికా యుద్ధనౌక హెలెనా ఆ గుండ్లతో ఒక జపాన్ విమానాన్ని కూల్చింది. మరుసటి ఏడు బ్రిటన్ తీరంలో ఆ ఫ్యూజ్, రాడార్, లెక్క కట్టే యంత్రం మూడూ ఒక్కచోట కలిసి, జర్మనీ పంపిన వి-1 ఎగిరే బాంబులను పెద్ద సంఖ్యలో నేలకూల్చాయి. అయినా యుద్ధ చరిత్ర అనగానే మనవాళ్లు సేనాధిపతుల పేర్లే వల్లిస్తారు. ఆ ఫ్యూజ్‌లోని వాక్యూమ్ ట్యూబులు, అంటే రేడియోలో వాడే గాజు గొట్టాలు, ఫిరంగి కుదుపుకు పగలకుండా చేసిన ఇంజినీర్లను తలచుకునేవారు లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. టీవీ చర్చల్లోనూ క్షిపణి గురించి గంటలు మాట్లాడతారు, రాత్రంతా గన్ పక్కన నిలబడిన సిబ్బందికి ఒక్క వాక్యమైనా దక్కదు.

ఇప్పటి సమస్య ఖర్చు. ఇరాన్ రూపొందించిన, లక్ష్యాన్ని ఢీకొని పేలే ఒక షాహెద్ డ్రోన్ ధర కొన్ని పదుల వేల డాలర్లని అంచనా. దాన్ని కూల్చే అమెరికా పేట్రియాట్ క్షిపణి ధర మిలియన్ల డాలర్లలో ఉంటుంది. గుంపులుగా వచ్చేవాటిని ఈ లెక్కన ఏ దేశం ఎంతకాలం ఎదుర్కోగలదు? అందుకే జర్మనీ 2010లో పక్కన పెట్టిన గెపార్డ్ అనే విమాన విధ్వంసక గన్ వాహనాలు ఉక్రెయిన్‌లో అంత విలువైనవయ్యాయి. 2025 మేలో మన సరిహద్దులో డ్రోన్లను కూల్చిన ఆయుధాల్లో, వేడిని బట్టి చీకట్లోనూ చూసే థర్మల్ కెమెరాలతో ఆధునికీకరించిన ఎల్-70లు ఉన్నాయి. డ్రోన్‌ను నడిపే రేడియో సిగ్నల్‌ను జామ్ చేస్తే, అంటే అడ్డుకుంటే, చాలదా అంటారేమో. సన్నని ఆప్టికల్ ఫైబర్ తీగతో నడిచే డ్రోన్లకు జామర్ పనికిరాదు, వాటిని కూల్చవలసిందే.

లేజర్లు వస్తున్నాయి, నిజమే. 2025 ఏప్రిల్‌లో కర్నూలు వద్ద డీఆర్‌డీవో 30 కిలోవాట్ల లేజర్‌ను విజయవంతంగా పరీక్షించడం గర్వకారణం. కానీ పొగమంచు, వాన, దుమ్ము దాని శక్తిని హరిస్తాయి, పైగా ఒకే లక్ష్యం మీద కొంతసేపు నిలపాలి. అందువల్ల అది గన్‌కు తోడుగా నిలుస్తుందే తప్ప దాని స్థానాన్ని తీసుకోదు.

గన్‌కు ఇక కావలసింది, ఎక్కడ పేలాలో కాల్చే క్షణంలో నిర్దేశించగల గుండు. అలాంటిదే అయిన 35 మిల్లీమీటర్ల అహెడ్ రకం గుండు ఒక్కొక్కటి లక్ష్యం ముందు పేలి 152 టంగ్‌స్టన్ ముక్కలను వెదజల్లుతుంది. 40 మిల్లీమీటర్ల గన్లకూ నిర్దేశించదగిన గుండ్లు ఉన్నాయి. వాటిని సరిపడా నిల్వ చేయడం, సిబ్బందికి నిజమైన గుండ్లతో అభ్యాసాన్ని తగ్గించకపోవడం ఈనాటి తక్షణ అవసరం.