అమ్మాయికి, కొండదారి గురించి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

కొండదారుల్లో పరుగు మొదలుపెడతానని, ఏ బూట్లు కొనాలో చెప్పమని రాశావు. ఎందుకు పరుగెత్తాలనుకుంటున్నావో మాత్రం రాయలేదు.

నన్ను 52వ ఏట రోడ్డెక్కించింది చక్కెర జబ్బు. ఆ భయంతో ఆరు నెలలు పార్కు చుట్టూ గానుగెద్దులా తిరిగాను. చక్కెర తగ్గింది, విసుగు పెరిగింది. మానేసేవాడినే. అప్పుడొక స్నేహితుడు వికారాబాద్ దగ్గరి అనంతగిరికి తీసుకువెళ్లాడు, మూసీ పుట్టిన కొండలకు. మార్చి నెల. టేకు ఆకులు రాలి బాటంతా కప్పేశాయి. అడుగు వేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. ఆకు కింద రాయి ఉందో, వేరు ఉందో తెలియదు. తర్వాతి అడుగు ఎక్కడ వేయాలన్న ధ్యాస తప్ప బుర్రలో ఇంకేదీ నిలవలేదు. దిగి వచ్చాక చూసుకుంటే, గంటసేపు ఇంటి అప్పు గుర్తే రాలేదు! ఇప్పటికీ వెళ్లేది ఆ గంట కోసమే. డాక్టరుకు మాత్రం చక్కెర కోసమనే చెబుతాను.

ఎత్తు ఎక్కేటప్పుడు నడువు. నామోషీ ఏమీ లేదు, నేనూ నడుస్తాను. దిగేటప్పుడే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అంగలు చిన్నవిగా వేయి, మోకాళ్లు కాస్త వంచి ఉంచు, చూపు పాదాల మీద కాకుండా నాలుగైదు అడుగుల ముందుండాలి. ఒకసారి నెమలి కూత విని, పరుగు ఆపకుండానే తల తిప్పాను. చీలమండ బెణికి మూడు వారాలు మంచం మీదే. నెమలిని చూడాలంటే ఆగి చూడు. అసలు ఆ దారిలో సగం సుఖం ఆగడంలోనే ఉంది.

వాన పడిన మర్నాడు నాచు బండల జోలికి పోవద్దు. ఒంటరిగా వెళ్లవద్దు. ఏ దారిన వెళ్తున్నావో ఇంట్లో చెప్పు, అడవిలో ఫోను సిగ్నల్‌ను నమ్ముకోలేం. అడుగులు లెక్కపెట్టే ఆ వాచీని రెండు నెలలు బీరువాలో పడేయి. ఆఫీసులో రోజంతా లెక్కలే కదా, మళ్లీ అక్కడ కూడానా?

బూట్లంటావా, అడుగున లోతైన గాట్లున్నవి తీసుకో. సాయంత్రం కొను, అప్పటికి పాదం కాస్త ఉబ్బుతుంది. బొటనవేలి ముందు వేలి మందం చోటు ఉండాలి, లేకపోతే దిగుడులో పాదం ముందుకు జారి గోరు నల్లబడుతుంది. ఖరీదు చూసి మోసపోకు.

వచ్చే ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి మీ వీధి మలుపులో ఉంటాను. పులిహోర కట్టి ఉంచమని మీ అమ్మకు చెప్పు.

మీ మామయ్య