సభ ఆమోదించిన డబ్బు ఎక్కడ ఆగింది?

ప్రశ్న: మధ్యాహ్న భోజనానికి బడ్జెట్‌లో కేటాయింపులున్నాయని పత్రికల్లో చదివాం. శాసనసభ ద్రవ్య వినిమయ బిల్లును కూడా ఆమోదించింది. అయినా మా ఊరి బడిలో వంట చేసేవారికి నెలల తరబడి బిల్లులు రావడం లేదు. ఆ డబ్బు ఎక్కడ ఆగినట్టు? – ఒక పాఠకురాలు

జవాబు: ద్రవ్య వినిమయ బిల్లు ఇచ్చేది డబ్బు కాదు, దానిని ఖర్చు పెట్టే అధికారం. పన్నులైనా, అప్పులైనా, కేంద్రం నుంచి వచ్చే వాటా అయినా రాష్ట్రానికి అందే రాబడి సంచిత నిధిలో చేరుతుంది. చట్టం అనుమతి లేకుండా అందులోంచి సొమ్ము తీయరాదని రాజ్యాంగంలోని 266వ అధికరణం చెబుతుంది. ఆ అనుమతిని 204వ అధికరణం కింద ఏటా ఈ బిల్లు ద్వారా పొందుతారు. శాఖల పద్దులపై సభ అప్పటికే ఓటు వేసి ఉంటుంది కనుక, ఆ మొత్తాలను మార్చే సవరణలకు బిల్లు దశలో తావులేదు. అప్పులపై వడ్డీలు, హైకోర్టు న్యాయమూర్తుల జీతాల వంటివైతే అసలు ఓటింగుకే రావు.

ఈ అనుమతి లేకపోతే జీతాలు సైతం ఆగిపోతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఎన్నికల ఏడాది పూర్తి బడ్జెట్ నవంబరులో గానీ సభ ముందుకు రాలేదు. అంతవరకు ఓట్ ఆన్ అకౌంట్‌తోనూ (కొన్ని నెలల ఖర్చుకు సభ ఇచ్చే తాత్కాలిక అనుమతి), ఆ గడువు తీరాక గవర్నర్ జారీ చేసిన ఆర్డినెన్సుతోనూ పాలన నడిచింది.

ఇక మీ బడి సంగతి. చట్టంలోని అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆ పరిమితికి లోబడి ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి, సంబంధిత అధికారి బిల్లు పెట్టాలి, ట్రెజరీ దాన్ని పరిశీలించి చెల్లించాలి. ఖజానాలో నగదు తగ్గినప్పుడు వడ్డీలు, జీతాలు, పింఛన్లు ముందు కదులుతాయి. కోడిగుడ్లకూ, కూరగాయలకూ కిరాణా కొట్టులో అరువు పెట్టిన వంటమనిషి బిల్లు వెనకబడుతుంది. పైగా వంట ఖర్చును కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తాయి కాబట్టి కేంద్రం వాటా కూడా వేళకు అందాలి. కేటాయింపులపై సభలో రోజుల తరబడి చర్చించే మన ప్రతినిధులు విడుదలల గురించి అడగడం అరుదు. అసలు లోపం అక్కడే ఉందని నా అభిప్రాయం. మార్చి 31 దాటితే ఖర్చుకాని కేటాయింపు మురిగిపోతుంది, పాత బాకీ కొత్త ఏడాది కేటాయింపు మీద పడుతుంది.

బడి నుంచి బిల్లు వెళ్లిందో లేదో ముందు ప్రధానోపాధ్యాయుడి వద్ద తెలుసుకోండి. వెళ్లి ఉంటే, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, ఈ పథకానికి ఎంత కేటాయించారని కాక, ఎంత విడుదల చేశారు, ఏ తేదీన చేశారు, మీ మండలం బిల్లులు ఏ దశలో ఉన్నాయి అని అడగండి.