పాముల పౌడరు డబ్బులతో దోమతెర కొనండి

మీరు అడిగింది: చేపల చెరువు గట్టు మీద ఇల్లు, వానలు పడ్డ దగ్గర్నుంచి వారానికో పాము కనిపిస్తోంది, కార్బాలిక్ యాసిడ్, వెల్లుల్లి నీళ్లు, పాముల పౌడరు వీటిలో ఏది చల్లమంటారు అని.

ఏదీ చల్లొద్దండి. వెల్లుల్లి వాసనకి మొహం తిప్పుకునేది చుట్టాలే గానీ పాము కాదు. కార్బాలిక్ యాసిడ్ అంటే ఫినాల్. చేతి మీద పడితే తోలు కాలుతుంది, వానకి కొట్టుకుపోయి చెరువులో కలిస్తే చేపలకి విషం. పాము మాత్రం తడి ఆరాక దాని మీదుగానే పోతుంది. ఫినాయిల్, గంధకం, సున్నం గీతలు, అన్నీ ఇదే బాపతు. పౌడరు డబ్బా మీద పడగ విప్పిన నాగుపాము బొమ్మ బాగుంటుంది, మీరిచ్చే డబ్బులు ఆ బొమ్మకే.

చేపల చెరువు దగ్గర అసలు సంగతి మేత బస్తాలు. తవుడు, నూనె తీసిన చెక్క ఎక్కడుంటే అక్కడ ఎలుక, ఎలుక ఎక్కడుంటే అక్కడ తాచు, రక్తపింజర. బస్తాలు నేల మీద, గోడకి ఆనించి పెట్టొద్దు. అడుగెత్తు బల్ల మీద, గోడకి అడుగు ఎడంగా పేర్చితే వెనకాల ఏముందో టార్చి వేసి చూడొచ్చు. రాలిన తవుడు ఏ రోజుది ఆ రోజే సాయంత్రం ఊడ్చెయ్యాలి. కొబ్బరి మట్టలు, డొక్కలు, పెంకులు, పుల్లల మోపు ఇంటి గోడకి కనీసం పదిహేను అడుగుల దూరంలో ఉండాలి. వాటిని కదిపేటప్పుడు ముందు కర్రతో, తర్వాతే చేత్తో. గట్టు మీది కన్నాలు ఎలుకల మందు పెట్టాక తడిమట్టితో దిమ్మిస కొట్టాలి. గడ్డి కప్పి వదిలేస్తే వారంలో మళ్లీ తవ్వుతాయి.

తలుపు కింద సందు అర అంగుళం ఉందంటే పాముపిల్లకి అది సింహద్వారమే. రబ్బరు పట్టీ వేయించండి. స్నానాల గది నీళ్లు బయటికి పోయే గొట్టం మూతికి పావు అంగుళం కన్నాల ఇనప జాలీ బిగించండి. నైలాన్ వల మాత్రం ఇంటి చుట్టూ కట్టొద్దు. పాము పొలుసులు దాంట్లో ఇరుక్కుంటే ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు. దాన్ని కత్తెరతో విడిపించబోయిన వాళ్ల చేతికే కాటు పడుతుంది. పక్షుల కోసం చెరువు మీద కట్టే వలలూ అంతే, అంచులు గట్టు మీద గుట్టగా వదలొద్దు.

నీళ్లలో కనిపించేవి చాలావరకు నీరుకట్టు పాములు. ఒంటి మీద గళ్లు, కంటి దగ్గర్నుంచి కిందికి రెండు నల్ల గీతలు, పట్టుకుంటే కసిగా కరిచే కోపం. విషం లేదు. మెడ చదును చేసి లేస్తుంది కాబట్టి తాచనుకుని చంపేస్తారు. గట్టు గడ్డిలో అసలు ముప్పు రక్తపింజర. అది పారిపోదు, ఉన్నచోటే చుట్ట చుట్టుకుని ఉంటుంది, కుక్కర్ ఆవిరి వదిలినంత గట్టిగా బుసకొడుతుంది. పైగా ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఒక్క ఈతలో ఇరవై, ముప్ఫై రావడం మామూలే, వానాకాలం అవి బయట తిరుగుతుంటాయి. వీటి కాటు ఎక్కువగా పాదానికో చీలమండకో పడుతుంది. మోకాళ్ల దాకా వచ్చే గమ్‌బూట్లు, చేతిలో టార్చి లేకుండా సందె తర్వాత గట్టెక్కొద్దు.

అయినా నన్నడిగితే తాచు, పింజర కాదు, కట్లపాముకే ఎక్కువ భయపడాలి. చెరువు దగ్గర కాపలా పాకల్లో ఇది ఎలా జరుగుతుందో చూడండి. మనిషి నేల మీద చాప పరుచుకుని పడుకున్నాడు. రాత్రి ఒంటిగంటకి చెయ్యి అటు వేశాడు, చీమ కుట్టినట్టయింది, గోక్కుని మళ్లీ నిద్రపోయాడు. గాటు లేదు, వాపు లేదు. మూడింటికి కడుపులో నొప్పి. రాత్రి తిన్న పులుసు పడలేదనుకుని వాము నమిలాడు. నాలుగింటికి వాంతి, గొంతు నొప్పి. తెల్లారేసరికి రెప్పలు వాలిపోతున్నాయి, ఇంట్లోవాళ్లు నిద్ర చాల్లేదనుకున్నారు. మాట ముక్కుతో వస్తోంది, ఉమ్మి మింగలేక పెదవి పక్కనుంచి కారుతోంది. ఆ తర్వాత ఊపిరి. ఈ ఆరు గంటల్లో పాము అన్న మాట ఎవరి నోటా రాలేదు, ఎందుకంటే పామును ఎవరూ చూడలేదు.

కాబట్టి వానాకాలం, నేల మీద పడక, తెల్లారుజామున కడుపునొప్పి, వాలే రెప్పలు ఇవి కలిసి వస్తే కట్లపామనే అనుకుని బయల్దేరండి. మెడ ఎత్తమనండి, ఒక్క ఊపిరిలో ఇరవై దాకా లెక్కపెట్టమనండి, చెయ్యలేకపోతే ఇక ఒక్క నిమిషం కూడా లేదు. ఇంకోటి, కండరాలన్నీ పడిపోయాక కంటిపాప కూడా కదలదు, చూసినవాళ్లు పోయాడనుకుంటారు. లోపల మనిషికి మీ మాటలు వినిపిస్తూనే ఉండొచ్చు. అంబూ బ్యాగ్, అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి, నొక్కుతూ తీసుకెళ్లి కొన్ని రోజులు వెంటిలేటర్ మీద ఉంచితే లేచి నడిచి వచ్చేవాళ్లున్నారు. యాంటీ వీనం, అంటే పాము విషానికి విరుగుడు మందు, ఆలస్యమైతే కట్లపాము విషం చేసిన నష్టాన్ని వెనక్కి తిప్పలేదు, అప్పుడు నిలబెట్టేది ఊపిరి యంత్రమే.

దీనికంతటికీ మందు మంచం, దోమతెర. మంచం అడుగున్నర ఎత్తు, తెర అంచులు నాలుగు వైపులా పరుపు కిందికి దోపాలి. నేల మీదికి జారేలా వేలాడదీస్తే దోమ రాదేమో గానీ పాము వస్తుంది. దుప్పటి కొస కింద పడకూడదు.

కాటు పడితే ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసెయ్యాలి. కాలో చెయ్యో విరిగినప్పుడు కట్టినట్టు బద్ద పెట్టి కదలకుండా చెయ్యాలి, నడిపించొద్దు, 108కి ఫోను. వాంతి వస్తుంటే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. బిగించి తాడు కట్టడం, కొయ్యడం, పీల్చడం వద్దు. పింజర విషం ఒకేచోట ఆగితే అక్కడి కండ కుళ్లుతుంది. ఎవరో ముందే కట్టేసి ఉంటే దారిలో విప్పొద్దు, ఆసుపత్రిలో మందు ఎక్కుతుండగా డాక్టరే విప్పాలి. పామును చంపి తేనక్కర్లేదు, మన దగ్గర ఇచ్చే మందు తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే. తెగిన తల కూడా చాలాసేపు కరవగలదు.

దగ్గర్లో మందున్న సర్కారు ఆసుపత్రిని దాటుకుని నగరానికి పరిగెత్తడం పెద్ద తప్పు. మొదటి డోసు దగ్గర్లోనే పడాలి, పెద్దాసుపత్రికి తర్వాత పంపుతారు. వానలకి ముందే వెళ్లి యాంటీ వీనం ఉందా, రాత్రి డాక్టరు ఉంటారా అని కనుక్కుని పెట్టుకోండి. మామూలుగా మొదట ఎనిమిది నుంచి పది వయల్స్ (చిన్న మందు సీసాలు) సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కిస్తారు. చిన్నపిల్లాడికి అన్ని వయల్సా అని నర్సుతో దెబ్బలాడకండి, మందు లెక్క పాము ఎక్కించిన విషాన్ని బట్టి, పిల్లాడి బరువును బట్టి కాదు. ఎక్కేటప్పుడు దురద, చలి, ఆయాసం వస్తే వెంటనే చెప్పండి, దాన్ని తగ్గించే అడ్రినలిన్ ఇంజెక్షన్ సిద్ధంగా ఉంటుంది. గాజు గొట్టంలో రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా పెడితే అశ్రద్ధ అనుకోవద్దు, గడ్డకట్టిందో లేదో చూసే పరీక్ష అది.

మంత్రం వేస్తే బతికారంటారా? కరిచింది నీరుకట్టయినా బతుకుతారు, తాచు కరిచి విషం వదలకపోయినా బతుకుతారు. ఆ ఖాతా అంతా మంత్రగాడికి జమ. వేపాకు నమిలించి చేదు తెలిసిందా అని అడుగుతూ కూర్చునే గంట మాత్రం ఎవరి ఖాతాలో రాయాలో ఎవరూ చెప్పరు. 2018 ఆగస్టులో దివిసీమలో పాము కాట్లు పెరిగితే మోపిదేవిలో సర్పశాంతి యాగం చేశారు. చెయ్యనివ్వండి, నాకేం పేచీ లేదు. అదే ఊపులో రైతు కూలీలకి గమ్‌బూట్లూ పంచి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చాక ఉప్పు మానడం, నూనె మానడం, నిద్ర ఆపడం లాంటి పత్యాలేవీ అక్కర్లేదు. పింజర కాటైతే మూత్రం తగ్గినా, కాఫీ రంగులో వచ్చినా అదే రోజు మళ్లీ వెళ్లండి, కిడ్నీలు దెబ్బతింటున్నాయని. వారం పది రోజులకి జ్వరం, కీళ్ల నొప్పులు, దద్దుర్లు వస్తే విషం తిరగబెట్టిందని కంగారొద్దు. అది మందుకి ఒళ్లు స్పందించడం, మాత్రలతో తగ్గుతుంది. అయినా డాక్టరుకి చూపించాలి.